ల్యాబ్‌లో అందరి పాస్‌వర్డ్‌లూ ఒకేసారి మార్చాను: నా అనుభవం

నేను నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. మా దగ్గర ఒక లైనక్స్ సర్వర్ ఉంది, ఉబుంటు 22.04. పిల్లలు ల్యాబ్ సిస్టమ్‌ల మీద పుట్టీ అనే ప్రోగ్రాము తెరిచి, సర్వర్‌లోకి లాగిన్ అయ్యి సీ ప్రోగ్రాములు, యూనిక్స్ కమాండ్లు ప్రాక్టీస్ చేస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో అకౌంట్. నేను చేరేనాటికే అక్కడ ఒక పద్ధతి నడుస్తోంది. యూజర్ పేరులో ఉండేది హాల్‌టికెట్ నంబరు, పాస్‌వర్డ్ కూడా అదే హాల్‌టికెట్ నంబరు.

హాల్‌టికెట్ నంబరు దాచుకునేది కాదు. నోటీసు బోర్డు మీద ఉంటుంది, అటెండెన్స్ రిజిస్టర్‌లో ఉంటుంది, ఇంటర్నల్ మార్కుల లిస్టులో ఉంటుంది. పక్కవాడి నంబరు తెలియని విద్యార్థి మా కాలేజీలో లేడు. కాబట్టి ఎవరి అకౌంట్‌లోకైనా ఎవరైనా వెళ్లొచ్చు, వెళ్లేవాళ్లు కూడా. ఎక్కువమంది ప్రోగ్రాములు కాపీ కొట్టడానికే వెళ్లేవాళ్లు, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఒక ఏడాది ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాక, కనగల్ వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక సెకండియర్ అమ్మాయి డేటా స్ట్రక్చర్స్ ప్రోగ్రాములన్నీ మాయమయ్యాయి. సెమిస్టర్ అంతా కూర్చుని రాసుకున్నవి. లాగిన్‌ల చిట్టా చూస్తే ఆ రోజు ఆ అమ్మాయి కాలేజీకి రాని గంటలో ఆమె అకౌంట్ తెరుచుకుంది. ఏ సిస్టమ్ నుంచో తెలిసింది గానీ ఆ సీట్లో ఎవరు కూర్చున్నారో తెలియలేదు. పాస్‌వర్డ్ అందరికీ తెలిసినప్పుడు లాగిన్ రికార్డు ఉన్నా లేనట్టే, అది ఎవరినీ పట్టించదు, ఎవరినీ కాపాడదు. ఆ అమ్మాయి రికార్డు బుక్కు చూసుకుంటూ అన్నీ మళ్లీ టైప్ చేసుకుంది. ఆ ఏడాది సెలవుల్లో నేను ఒకటే నిశ్చయించుకున్నాను. వచ్చే బ్యాచ్ నుంచి ప్రతి ఒక్కరికీ ఎవరూ ఊహించలేని, ఎవరిది వాళ్లకే తెలిసిన పాస్‌వర్డ్ ఉండాలి.

కొత్త ఫస్టియర్ వాళ్లు దాదాపు 200 మంది. ఒక్కొక్కరికి పాస్‌వర్డ్ పెట్టే మామూలు కమాండు రెండుసార్లు టైప్ చేయమంటుంది. 200 మందికి అట్లా కొడుతూ కూర్చుంటే మధ్యలో చేతికి విసుగొచ్చి అందరికీ ఒకేలాంటిది పెట్టేయాలనిపిస్తుంది. పాత పద్ధతి పుట్టింది అక్కడే అని నా నమ్మకం. అందుకే పని సులువుగా జరిగే దారి వెతికాను.

దారులు మూడు నాలుగు కనిపించాయి. ఎప్పటివో నోట్సుల్లో పాస్‌వర్డ్ కమాండుకే 'స్టాండర్డ్ ఇన్' అనే ఆప్షన్ ఇచ్చి పైపు ద్వారా పంపే పద్ధతి ఉంది. అది రెడ్ హ్యాట్ కుటుంబంలోది, మా ఉబుంటులో లేదు. 'న్యూ యూజర్స్' అనే కమాండు అకౌంట్లు, పాస్‌వర్డ్‌లు రెండూ ఒక్కసారే పెడుతుంది, కానీ ప్రతి లైనులో కోలన్‌లతో విడదీసిన ఏడు గడులు సరిగ్గా నింపాలి. 'యూజర్ మాడ్'కు హైఫన్ పీ ఇచ్చి, ముందే హాష్ చేసిన, అంటే అసలు మాట తిరిగి రాబట్టలేని గుర్తుల వరసగా మార్చిన, పాస్‌వర్డ్ పక్కనే రాసే పద్ధతి ఇంకొకటి. దీన్ని నేను వెంటనే పక్కన పెట్టాను. కమాండు లైనులో రాసింది ఏదైనా, ఆ కమాండు నడిచినంతసేపు పీఎస్ (నడుస్తున్న కమాండ్ల జాబితా చూపేది) కొట్టిన ప్రతివాడికీ కనిపిస్తుంది. మా యూనిక్స్ ల్యాబ్‌లో మొదట్లోనే నేర్పే కమాండ్లలో పీఎస్ ఒకటి.

చివరికి నేను పట్టుకున్నది 'సీహెచ్ పాస్‌వర్డ్'. నోటితో అట్లా అంటాం గానీ టైప్ చేసేటప్పుడు సీ, హెచ్ వెంట పీ ఏ ఎస్ ఎస్ డబ్ల్యూ డీ కొట్టాలి. ఇది చేసే పని చాలా తేలిక. ఒక్కో లైనులో యూజర్ పేరు, ఒక కోలన్, పాస్‌వర్డ్ ఉండాలి. అట్లాంటి ఫైలును రూట్‌గా (సర్వర్ మీద అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్‌తో) దానికి అందిస్తే వరసగా అందరివీ పెట్టుకుంటూ పోతుంది. పాస్‌వర్డ్‌లు లోపలికి వచ్చేది ఫైలు నుంచే కాబట్టి పీఎస్‌లో పడవు, కొట్టిన కమాండ్లు దాచే షెల్ హిస్టరీలో మిగలవు. మొదటి కోలన్ దగ్గరే విడదీస్తుంది కాబట్టి పాస్‌వర్డ్‌లో ఇంకో కోలన్ ఉన్నా ఇబ్బంది లేదు.

ముందు అకౌంట్లు తయారు చేశాను. పేరంతా అంకెలే అయితే కొన్నిచోట్ల దాన్ని యూజర్ ఐడీగా పొరబడే ప్రమాదం ఉంది, అందుకని ప్రతి నంబరు ముందు ఒక చిన్న అక్షరం చేర్చాం. 'యూజర్ యాడ్'తో అకౌంట్ చేసినప్పుడు దానికి పాస్‌వర్డ్ ఉండదు. పాస్‌వర్డ్‌ల హాష్‌లు ఉండే షాడో ఫైలులో ఆ గడిలో ఒక ఆశ్చర్యార్థకం మాత్రమే ఉంటుంది. అంటే పాస్‌వర్డ్ పెట్టేదాకా దాంతో ఎవరూ లోపలికి రాలేరు. ఇది మంచి ఏర్పాటు, తొందర పడాల్సిన పని ఉండదు.

ఏ పాస్‌వర్డ్‌లు పెట్టాలన్న దగ్గర చాలాసేపు చర్చ జరిగింది. పుట్టినతేదీ పెడదామని ఆఫీసులో అన్నారు. ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు పెడదామని ఇంకొకరు అన్నారు. క్లాసు వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ ఉంటాయి, పుట్టినరోజున కేకు కోసేది కూడా క్లాసులోనే. ఒప్పుకోలేదు. పూర్తిగా యాదృచ్ఛికంగా ఉండాలన్నాను.

అయితే ఆ యాదృచ్ఛికం మా పిల్లల చేతుల్లో ఇమడాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది దేవరకొండ, చండూరు, నకిరేకల్ చుట్టుపక్కల పల్లెల నుంచి వస్తారు. కొందరు కీబోర్డు ముందు మొదటిసారి కూర్చునేది మా ల్యాబ్‌లోనే. షిఫ్ట్ పట్టుకుని పెద్దక్షరం కొట్టడమే వాళ్లకు కొత్త. కాగితం మీద చిన్న ఎల్‌కూ ఒకటి అంకెకూ తేడా నాకే తెలియదు, వాళ్లకెట్లా తెలుస్తుంది? 'పీడబ్ల్యూజెన్' అనే ప్రోగ్రాములో దీనికి జవాబు దొరికింది. పెద్ద ఏ ఆప్షన్ ఇస్తే పెద్దక్షరాలు రావు. పెద్ద బీ ఇస్తే ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే అక్షరాలు, అంకెలు తీసేస్తుంది. చిన్న ఎస్ ఇస్తే పలకడానికి వీలుగా అల్లే పద్ధతి మానేసి పూర్తి యాదృచ్ఛికంగా ఇస్తుంది. పది అక్షరాల పొడవు పెట్టాను. ఇన్ని తీసేశాక కూడా మూడు కోట్ల కోట్లకు పైగా కలయికలు మిగులుతాయి. పక్క సీటు వాడు ఊహించి కొట్టగలిగేది కాదు.

నంబర్ల జాబితా ఒక ఫైలు, పాస్‌వర్డ్‌లు ఇంకో ఫైలు. 'పేస్ట్' కమాండుకు మధ్యలో కోలన్ పెట్టమని చెబితే రెండూ లైనుకు లైను అతుక్కుంటాయి. అతికించే ముందు మాత్రం ఆఫీసు నుంచి వచ్చిన జాబితాను తప్పకుండా తెరిచి చూడాలి. మామూలుగా కాదు, 'క్యాట్' కమాండుకు పెద్ద ఏ ఆప్షన్ ఇచ్చి చూడాలి. మా జాబితా ఎక్సెల్‌లో చేసి సీఎస్‌వీగా దాచింది. పైకి శుభ్రంగా ఉంది. క్యాట్‌లో చూస్తే ప్రతి లైను చివర డాలర్ గుర్తుకు ముందు ఒక టోపీ గుర్తు, ఎం అక్షరం ఉన్నాయి. అది విండోస్ లైను ముగింపు, లైనక్స్ దాన్ని కూడా ఒక అక్షరంగానే తీసుకుంటుంది. మొదటి లైను మొదట్లో ఇంకేవో మూడు వింత గుర్తులు కూడా ఉన్నాయి. యూటీఎఫ్-8గా దాచినప్పుడు ఎక్సెల్ పెట్టే కంటికి కనిపించని ముద్ర అది. 'డాస్ టు యూనిక్స్' ఒక్కసారి నడిపితే రెండూ పోయాయి.

ఇది చిన్న విషయం అనుకోవద్దు. మహబూబ్‌నగర్‌లో ఇదే ఉద్యోగం చేసే మిత్రుడు ఒకసారి ఫోన్ చేశాడు. పేర్లు, పాస్‌వర్డ్‌లు మొత్తం ఎక్సెల్‌లోనే చేసి ఎక్కించాడట. కమాండు ఒక్క తప్పు కూడా చూపలేదు. కానీ ఒక్క విద్యార్థి కూడా లాగిన్ కాలేకపోతున్నాడు. అతని ఫైలులో లైను చివర ఉన్నది పాస్‌వర్డ్, కాబట్టి ఆ కనిపించని అక్షరం కూడా పాస్‌వర్డ్‌లో భాగమైపోయింది. పిల్లలు చీటీలో ఉన్నది ఎంత సరిగ్గా కొట్టినా సరిపోదు. క్యాట్‌తో చూడమన్నాను, చూడగానే అతనికే అర్థమైంది. తప్పు చూపకుండా జరిగే తప్పు ఇట్లాంటిది, దీనికి ఒకటే మందు. అసలు పిల్లల మీద నడిపే ముందు రెండు ఉత్తుత్తి అకౌంట్లు చేసి, వాటి మీద నడిపి, నిజంగా పుట్టీ తెరిచి లాగిన్ అయ్యి చూడాలి.

నేను అట్లాగే చేశాను. ఆ రెండు ఉత్తుత్తి అకౌంట్లకూ కావాలనే ఒకే పాస్‌వర్డ్ పెట్టి షాడో ఫైలు చూశాను. రెండు హాష్‌లూ డాలర్, వై, డాలర్‌తో మొదలయ్యాయి, అంటే ఉబుంటు 22.04 మామూలుగా వాడే వైఎస్‌క్రిప్ట్ అనే హాష్ పద్ధతి. ఆ తర్వాత మాత్రం ఒకదానికొకటి పోలికే లేదు. ప్రతి పాస్‌వర్డ్‌కూ సాల్ట్ అని వేరే యాదృచ్ఛిక ముక్క కలిపి హాష్ చేస్తారు కాబట్టి అట్లా వస్తుంది. ఈ ఆలోచనను బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లోనే రాసి పెట్టారు. ఇద్దరు పిల్లలు తెలియక ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా, ఫైలు చూసినవాళ్లకు ఆ సంగతి తెలియదు. ఇది పుస్తకంలో చదివి పిల్లలకు చెప్పడం వేరు, మన సర్వర్‌లో మన కళ్లతో చూడడం వేరు.

ఇక అసలు పని. ఉమాస్క్ 077 పెట్టుకుని, నేను చేసే ఏ ఫైలూ రూట్‌కు తప్ప ఇంకెవరికీ తెరుచుకోకుండా చూసుకున్నాను. జాబితాను డిస్కు మీద కాకుండా మెమరీలోనే ఉండే షేర్డ్ మెమరీ ఫోల్డర్‌లో పెట్టాను. షాడో ఫైలుకు అనుమతులతో సహా ఒక నకలు తీసి దాచాను. తర్వాత కమాండు కొట్టాను. చూస్తుండగానే అయిపోయింది. 200 మందిని ఒక్కొక్కరిగా కొట్టి ఉంటే ఎంతసేపయ్యేదో అనుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది.

ఒక లైను మాత్రం కాలేదు. ఎన్నో లైనో, ఏ యూజరో చెప్పి, పాస్‌వర్డ్ మారలేదని చూపింది. ఆ అబ్బాయి డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల (దోస్త్) తర్వాతి విడతలో వేరే కాలేజీకి వెళ్లిపోయాడు, అకౌంట్ చేయలేదు, జాబితాలో నంబరు మిగిలిపోయింది. ఇక్కడ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. మామూలుగా నడిపితే ఈ కమాండు పామ్ (లైనక్స్‌లో లాగిన్‌లు, పాస్‌వర్డ్‌లు చూసుకునే ఏర్పాటు) ద్వారా పాస్‌వర్డ్‌లు మారుస్తుంది. ఒకరిది కాకపోయినా మిగతావాళ్లవి మార్చుకుంటూ పోతుంది, చివర్లో తప్పు జరిగిందని చెబుతుంది. అదే హైఫన్ ఈ ఇచ్చి ముందే హాష్ చేసినవి పంపితే, లేదా హైఫన్ సీతో హాష్ పద్ధతి మనమే ఎంచితే పామ్ మధ్యలో ఉండదు. అప్పుడు ఒక్క లైను తప్పినా ఎవరివీ మారవు. రెండింటిలో ఏది నడిపామో గుర్తులేకపోతే సగం మందివి మారాయా, అసలు మారలేదా అని టెన్షన్ పడాల్సి వస్తుంది.

పాస్‌వర్డ్ పెట్టడంతో నా పని సగమే అయింది. చీటీలో ఉన్న పాస్‌వర్డ్ నాకూ తెలుసు, ప్రింటర్‌కూ తెలుసు. అది పిల్లలది కావాలంటే మొదటి లాగిన్‌లోనే వాళ్లు మార్చుకోవాలి. 'ఛేజ్' కమాండుకు చిన్న డీ, సున్నా ఇచ్చి, ఒక చిన్న లూపులో అందరికీ నడిపాను. షాడో ఫైలులో మూడో గడి చివరిసారి పాస్‌వర్డ్ మార్చిన రోజును 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టి చూపుతుంది. అక్కడ సున్నా ఉంటే వెంటనే మార్చుకోవాల్సిందే అని అర్థం. ఒక హెచ్చరిక. ఆ తర్వాత ఎవరికైనా మళ్లీ సీహెచ్ పాస్‌వర్డ్ నడిపితే ఆ గడిలోకి ఆ రోజు తేదీ వచ్చి కూర్చుంటుంది, సున్నా పోతుంది. అంటే రీసెట్ చేసిన ప్రతిసారీ ఛేజ్ కూడా మళ్లీ నడపాలి. నా స్క్రిప్టులో ఈ రెండింటినీ విడదీయకుండా ఒకదాని కింద ఒకటి రాసి పెట్టుకున్నాను.

పంచే దగ్గర ప్రిన్సిపాల్ సార్ అన్నారు, "గ్రూపులో పెట్టెయ్యమ్మా, ఒక్క నిమిషం పని" అని. "గ్రూపులో పెడితే మళ్లీ హాల్‌టికెట్ నంబరు పెట్టినట్టే సార్, అందరికీ అందరివీ తెలుస్తయి" అన్నాను. సార్ కాసేపు ఆలోచించి సరేనన్నారు. చీటీలు ప్రింట్ తీశాం. అటెండర్ అన్న కత్తెరతో ఓపికగా కత్తిరించి, ఒక్కొక్కటి మడతపెట్టి నంబర్ల వరసలో పెట్టాడు. ఐడీ కార్డు చూసి, సంతకం తీసుకుని, ఎవరిది వాళ్ల చేతికే ఇచ్చాం. తర్వాత ప్రింటర్ క్యూ ఖాళీ చేసి, మెమరీలోని జాబితాను తీసేశాను.

ల్యాబ్‌లో మొదటి లాగిన్ రోజు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడే చాలామంది ఈ ప్రయత్నం వదిలేస్తారు. మొదటి ఐదు నిమిషాల్లోనే నాలుగు వైపుల నుంచి ఒకటే మాట. "మేడం, కీబోర్డు పనిచేస్తలేదు. కొడుతున్నా గానీ ఏం పడ్తలేదు." పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద చుక్కలు కూడా రావు. ఫోన్‌లో చుక్కలు చూసి అలవాటైన పిల్లలకు అది పాడైన కీబోర్డులాగే ఉంటుంది. కనిపించకపోయినా లోపల పడుతుంది, ఆగకుండా కొట్టి ఎంటర్ నొక్కండి అని చెప్పాను.

లోపలికి వెళ్లగానే పాస్‌వర్డ్ వెంటనే మార్చుకోవాలని వస్తుంది, ఆ వెంటనే ప్రస్తుత పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇప్పుడే కొట్టాం కదా అని పిల్లలు అక్కడ కొత్తది కొడతారు, అది తప్పంటుంది. అక్కడ మళ్లీ చీటీలోదే కొట్టాలి, ఆ తర్వాతే కొత్తది రెండుసార్లు. ఇదంతా సరిగ్గా చేసినవాళ్లకు ఇంకో భయం. పాస్‌వర్డ్ మారిందని చెప్పి పుట్టీ కనెక్షన్ తెగిపోతుంది. "మేడం, నాది కట్ అయింది, మొత్తం పోయింది" అని ఒక అబ్బాయి లేచి నిలబడ్డాడు. పోలేదు నాయనా, అయిపోయింది, కొత్తదాంతో మళ్లీ రా అన్నాను. వచ్చాడు. ఆ ముఖంలో వెలుగు చూసి పక్కనున్న ఇద్దరు కూడా ధైర్యంగా కొట్టారు. ఈ మూడు సంగతులూ తెలుగులో బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాక రెండో బ్యాచ్ చాలా తొందరగా అయిపోయింది. ఇప్పుడు చీటీ మీదే అచ్చు వేస్తున్నాం.

కొత్తది ఎట్లా పెట్టుకోవాలో కూడా చెప్పాను. ఒకదానికొకటి సంబంధం లేని మూడు నాలుగు తెలుగు మాటలు, ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. ఊరి పేరు, అమ్మ పేరు, అభిమాన హీరో పేరు వద్దు, ఎందుకంటే మీ స్నేహితులు ముందు కొట్టి చూసేవి అవే. బోర్డు మీద ఉదాహరణ రాయలేదు, రాస్తే సగం మంది దాన్నే పెట్టుకుంటారు. ఒక అమ్మాయి మెల్లగా నా దగ్గరికి వచ్చి తను పెట్టుకున్నది నా చెవిలో చెప్పబోయింది, మర్చిపోతే నేను గుర్తుచేస్తానని. "నాకు కూడా చెప్పకు బిడ్డా. మర్చిపోతే కొత్తది పెడతా గానీ, నీది నాకు తెలియొద్దు" అన్నాను. నేను రూట్ అయినా ఆమె పాస్‌వర్డ్ చూడలేనని, చూడగలిగేది హాష్ మాత్రమేనని అప్పుడు చెప్పాను. ఆ మాట విని క్లాసంతా కాసేపు ప్రశ్నలు అడిగింది. ఆ రోజు సిలబస్ ముందుకు సాగలేదు, నాకు ఏ మాత్రం బాధ లేదు.

తర్వాతి వారాల్లో రీసెట్‌లు వచ్చాయి, వస్తూనే ఉంటాయి. ఐడీ కార్డుతో ఎవరిది వాళ్లే రావాలి. "మా దోస్తుది మేడం, వాడు జ్వరంతో పడుకున్నడు" అంటే జ్వరం తగ్గాక రమ్మంటాను. ఈ విషయంలో నన్ను గట్టిదాన్ని అనుకున్నా ఫర్వాలేదు. ఏ రోజు ఏ అకౌంట్‌కు రీసెట్ చేశానో రిజిస్టర్‌లో రాస్తాను. సీనియర్ల అకౌంట్లకు కూడా తర్వాత ఇదే పద్ధతిలో మార్చాం. వాళ్లకు హాల్‌టికెట్ నంబరు కొట్టే అలవాటు పోవడానికే ఎక్కువ రోజులు పట్టింది.

ఇప్పుడు మిగిలింది ఫైనలియర్ పూర్తిచేసి వెళ్లిపోయేవాళ్ల సంగతి. పాస్‌వర్డ్‌కు తాళం వేస్తే సరిపోతుందనుకుంటారు గానీ అది పాస్‌వర్డ్‌నే ఆపుతుంది. ఎవరైనా ఎస్ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కు వాడే ఫైలు) పెట్టుకుని ఉంటే దాంతో ఇంకా లోపలికి రావొచ్చు. అందుకే తాళంతో పాటు ఛేజ్‌కు పెద్ద ఈ, ఒకటి ఇచ్చి అకౌంట్ గడువే ముగించేస్తాను. అది కూడా జాబితా పెట్టుకుని ఒకే లూపులో. అయితే ముందు ఒక వారం ల్యాబ్ తెరిచి ఉంచి, ఎవరి ప్రోగ్రాములు వాళ్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాకే ఆ కమాండు కొడతాను.